జపాను సేనాధికారుల కక్షలు
(పఠనమందిరమున గావించిన యుపన్యాసము)



1905 వ సంవత్సరమున జపాను రుష్యాను జయించినప్పుడు మన దేశభక్తులు ఆ విజయమును దమ విజయముగనే యెంచిరి. ఆ సైన్యమే ముప్పదియేండ్లలో స్వదేశపు మంత్రులను జంపు స్థితి కెట్లు దిగజారెనో నేడు విన్నవింతును.

1930 తరువాత ఆ సేనాధికారులలో రెండు పక్షములు పొడసూపెను. అరాకి, మజాకి సేనానులను పెద్దలుగా నెంచినది కోదోహా, అనగా చక్రవర్తిమార్గపక్షము. నగతా తెత్సుజాన్ మూలస్తంభముగా గలది తోసైహా, అనగా నియమనపక్షము. మొదటివారికి ఆత్మబలము ముఖ్యము, రుష్యా శత్రువు. రెండవవారు కర్మాగారములను, దేశసంపదనంతయు యుద్ధమునకై ముందుగనే కూర్పవలెననిరి. పొరుగుదేశములపై జపాను పెత్తనము విషయమున మాత్రము ఉభయులకును భేదము లేదు. వీరిలో నొక పక్షమును మితవాదులనుట నాకు నవ్వు దెప్పించును.

యువకాధికారులయందు నిజాయితీ లేదనజాలను. వారి సిపాయీలలో ననేకులు బీదరైతుల బిడ్డలు. పట్టుధర పడిపోయెను, 1934 లో ఈశాన్యమున పంట చెడెను, కూతుండ్ర నమ్ముకొన్న రైతులును గలరు. ధనికులను, మంత్రులను దొలగించిన చాలును, చక్రవర్తియే ప్రజలను రక్షించునని ఆ యువకుల విశ్వాసము.

1932 మే 15 న నౌకాధికారులును, సైనిక విద్యార్థులును ప్రధానమంత్రి ఇనుకాయిని ఆయన యధికారగృహముననే కాల్చి చంపిరి. ముద్దాయిలు న్యాయస్థానమును ఉపన్యాసవేదికగ మార్చిరి. జనులు రక్తముతో వ్రాసిన విన్నపములు పంపిరి. ఒక్కనికైనను మరణశిక్ష లేదు! నేను ఉరిశిక్ష గోరువాడను గాను. కాని హంతకుని సదుద్దేశమే నేరమును మాపునని న్యాయపీఠము తోపింపజేసినచో, తరువాతి హంతకుడు వెంటనే పుట్టును.

పుట్టెను. 1935 జూలైలో మజాకి పదవినుండి తొలగింపబడగా, ఆగస్టు 12 న ఐజావా యను లెఫ్టినెంటు కర్నలు పట్టపగలు యుద్ధశాఖా కార్యాలయమున జొచ్చి నగతాను కత్తితో నరికెను. 1936 ఫిబ్రవరి 26 న, తెల్లవారకముందే, మంచు గప్పిన టోకియోలో సుమారు 1,400 మంది సైనికులు వెడలిరి. సేనావ్యయమున కడ్డుపడిన ఆర్థికమంత్రి తకహాషి, 81 ఏండ్ల వృద్ధుడు, పడకగదిలోనే హతుడయ్యెను. సైతో, వతనాబెలును గూలిరి. ప్రధాని ఒకాదా దాగి బ్రదికెను. ఆయనయే యనుకొని ఆయన బావమరదిని జంపిరి. తీవ్రముగ గాయపడి బ్రదికిన సుజుకియే 1945 లో లొంగుబాటునాటికి ప్రధాని.

ఎవరిపేర కత్తి దూసిరో ఆ చక్రవర్తియే వారి నణచివేయుడని పట్టుబట్టెను. 29 న లొంగిపోయిరి. ఈసారి విచారణ రహస్యము. న్యాయవాది లేడు, అప్పీలు లేదు. సైనికులు కాని కీతా ఇక్కీ, నిషిదాలకు గూడ సైనిక న్యాయస్థానమే మరణశిక్ష విధించెను. 1937 ఆగస్టులో అది నెరవేరెను. సేనాని మజాకి మాత్రము నిర్దోషియై బయటపడెను! 1932 నాటి తెరచిన తలుపులకన్న ఈ మూసిన తలుపులు మేలని నేననను.

ఓడినది ఒక పక్షమే గాని సైన్యము గాదు. ఉద్యోగమందున్న సేనానియే యుద్ధమంత్రి కావలెనను నిబంధన 1936 మేలో మరల వచ్చెను. ఆ యొక్క మనిషిని సైన్య మీయకున్న మంత్రివర్గమే నిలువదు. 1937 జనవరిలో ఉగాకి ప్రధానిపదవికి బిలువబడెను, తానును సేనానియే, అయినను సైన్యము మంత్రి నీయలేదు. ఆయన వట్టి చేతులతో ఇంటికి మరలెను. ఆ జూలైలోనే చీనాతో యుద్ధ మారంభమయ్యెను.