చిన్న బండికి చక్రమెంత?

(మన సంఘ యువజన సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



గో-కార్టు అను చిన్న పందెపు బండిని గూర్చి, అందును దాని చక్రముల పరిమాణమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని యువజనులు నన్ను కోరిరి. మన రాజపాళయమున పాలిటెక్నిక్కు ఉన్నది, ఇంజనీరింగు కళాశాల ఉన్నది. అందు చదువు పిల్లలకు ఇట్టి బండిని తమ చేతులతో తయారు చేయవలెనని ఉబలాటము కలుగుట సహజము. అట్టి వారిలో పలువురకు మొదట తోచునది ఒక్కటే: చక్రము పెద్దదైనచో బండి వేగముగా పోవును గదా! ఈ మాటలో సగము నిజము కలదు. సగము నిజమును నమ్మి డబ్బు పోగొట్టుకొనుట ఒక నష్టము. బ్రేకు చాలక ప్రాణముమీదికి తెచ్చుకొనుట అంతకంటె పెద్ద నష్టము. కావున తక్కిన సగమును మనవి చేసెదను.

ఈ బండి పుట్టుక 1956వ సంవత్సరమున, అమెరికా దేశపు కాలిఫోర్నియాలో. ఆర్ట్ ఇంగెల్స్ అను నాతడు పచ్చిక కోయు యంత్రపు ఇంజనును గొట్టపు చట్రమునకు బిగించి, చిన్న చక్రములు నాలుగు తగిలించి నడిపెను. నాటి ఆటవస్తువు నేడు పందెములకు తొలిబడియైనది. సెన్నా, షూమాకర్ వంటి జగజ్జెట్టీలు బాల్యమున కార్టులపైననే ఓనమాలు దిద్దిరి. మనకు సమీపమున కోయంబత్తూరు కలదు. అచటి లక్ష్మీ మిల్లుల కుటుంబమునకు చెందిన కరివర్ధన్ గారు మారుతి 800 కారు ఇంజనుతో తక్కువ ఖర్చున పందెపు కార్లు కట్టించి, సామాన్య యువకులకు ఆ విద్యను అందుబాటులోనికి తెచ్చిరి. ఆయన 1995లో గతించిరి. 2003లో చెట్టిపాళయమున ఏర్పడిన పందెపు బాటకు ఆయన పేరే పెట్టిరి. ఉన్న సరకుతో లెక్క కుదిర్చి పనిచేయుట ఆయన మార్గము. నేటి మన విషయమునకు అదియే మూలసూత్రము.

పందెపు కార్టుల రిమ్ము వ్యాసము సాధారణముగా 5 అంగుళములు. టైరుతో కలిపి ముందు చక్రము సుమారు 10 అంగుళములు, వెనుక చక్రము సుమారు 11 అంగుళములు ఉండును. ఇంత చిన్నవి ఏల? లెక్క చూతము.

మిల్లులలో పనిచేసిన పెద్దలు ఈ సభలో ఉన్నారు. 1936లో రాజపాళయం మిల్లు స్థాపితమైన నాటినుండి పుల్లీ లెక్క మన ఊరివారికి ఇంటి విద్య వంటిది. నడపబడు పుల్లీ పెద్దదైనచో తిరుగుడు తగ్గును, బలము పెరుగును. బండి చక్రమున ఇది తలక్రిందగును. ఇరుసుమీది బలము ఎంతయో అంతయే ఉండగా, చక్రము పెద్దదైన కొలది నేలను నెట్టు శక్తి తగ్గును, ఒక్క చుట్టునకు సాగు దూరము పెరుగును.

ఇంజను నిమిషమునకు 6000 చుట్లు తిరుగుచున్నదనుకొనుడు. ఇంజను వైపు పండ్లచక్రమునకు 15 పండ్లు, ఇరుసు వైపు దానికి 75 పండ్లు. అనగా ఇరుసు 1200 చుట్లు తిరుగును. 11 అంగుళముల చక్రము ఒక చుట్టునకు సుమారు 88 సెంటీమీటర్లు పోవును. బండి వేగము గంటకు 63 కిలోమీటర్లు. అచటనే 13 అంగుళముల చక్రము వేసినచో వేగము 75 కిలోమీటర్లకు చేరవలెను. కాని నేలను నెట్టు శక్తి 100 పాళ్ళనుండి 85 పాళ్ళకు దిగిపోవును. మలుపు దాటిన పిమ్మట బండి లేచి పరుగెత్తుటకు ఆలస్యమగును. ఇంజను చిన్నదైనచో 6000 చుట్లను అందుకొననే లేదు. లెక్కలోని 75 కాగితముమీదనే నిలిచిపోవును. పైగా పెద్ద చక్రము బరువైనది. చక్రపు అంచున చేరిన ప్రతి కిలో బరువును వేగము పెంచునపుడు దాదాపు రెండు కిలోల భారమువలె ఇంజనును పీడించును. శ్రీవిల్లిపుత్తూరు ఆండాళ్ తేరును కదలించుటకు ఎందరి చేతులు కావలెనో చూచినవారికి బరువైన చక్రమును తొలిసారి కదల్చు శ్రమను వేరుగా చెప్పనక్కరలేదు.

“వెనుక పండ్లచక్రమును పెద్దది చేసినచో పోయిన శక్తి తిరిగి రాదా?” అని అడుగవచ్చును. వచ్చును. 75 పండ్లకు బదులు 89 వేసినచో నెట్టు శక్తి మునుపటివలెనే యుండును. కాని అపుడు వేగమును మునుపటిదే యగును. మరి పెద్ద చక్రమువలన లాభించినదేమి? వేగమే కావలెనన్నచో 11 అంగుళముల చక్రమును ఉంచి, వెనుక పండ్లను 64కు తగ్గించుడు. 74 కిలోమీటర్ల లెక్క వచ్చును. నెట్టు శక్తి ఇందును తగ్గును, నిజమే. కాని బండి ఎత్తు పెరుగదు, బరువు పెరుగదు, బ్రేకు పట్టు తగ్గదు. పండ్లచక్రము మార్చుట చిల్లర ఖర్చు. టైర్లు, రిమ్ములు మార్చుట పెద్ద ఖర్చు.

బ్రేకును గూర్చి శ్రద్ధతో వినుడు. సాధారణపు కార్టునకు బ్రేకు డిస్కు వెనుక ఇరుసుమీద ఉండును. అదే డిస్కు, అదే కాలి ఒత్తిడి యున్నను, 13 అంగుళముల చక్రముతో నేలపై ఆపు శక్తి 85 పాళ్ళే. మరి 63 నుండి 75కు పెరిగిన వేగమున బండిలోని ఊపు సుమారు 40 పాళ్ళు హెచ్చును. ఈ రెండును కలిసినచో, మునుపు 10 మీటర్లలో ఆగిన బండి, కాలి ఒత్తిడి పెంచనిచో, 16 మీటర్లు దాటిగాని ఆగదు. ఆ ఆరు మీటర్లలో గోడ ఉండవచ్చును, మనిషి ఉండవచ్చును.

ఇక మలుపుల సంగతి. ఎద్దుబండి చక్రములు ఇరుసుమీద దేనికదియే తిరుగును. మలుపున బయటి చక్రము ఎక్కువ దూరము, లోపలి చక్రము తక్కువ దూరము పోయినను చిక్కు లేదు. కారునకు ఈ పని డిఫరెన్షియల్ చేయును. కార్టునకు డిఫరెన్షియల్ లేదు; వెనుక చక్రములు రెండును ఒకే ఇరుసునకు బిగింపబడి సమముగా తిరుగును. కావున మలుపున లోపలి వెనుక చక్రము నేలనుండి రవ్వంత లేవవలెను. లేవనిచో అది నేలను రాచుకొనును, బండి తిరుగక నేరుగా పోజూచును, ఇంజను మూలుగును.

ఆ లేపుట ఎట్లు? సైకిలు ముందు ఫోర్కు వెనుకకు వాలియున్నట్లు, కార్టు ముందు చక్రముల నిలువు పిన్నులును వెనుకకు వాలియుండును. స్టీరింగు త్రిప్పగనే ఆ వాలు వలన లోపలి ముందు చక్రము నేలను అదిమి, చట్రపు ఆ పక్కను పైకెత్తును. దానితో లోపలి వెనుక చక్రము లేచును. ముందు చక్రములను మార్చక, వెనుక మాత్రము 13 అంగుళములవి వేసినచో బండి వెనుకభాగము ఒక అంగుళము లేచును. ఇరుసుల నడుమ 41 అంగుళముల దూరముగల బండిలో దీనివలన పిన్నుల వాలు సుమారు ఒకటిన్నర డిగ్రీ తగ్గును. చూచుటకు స్వల్పము. మలుపున మాత్రము చక్రము లేచుట తగ్గి, బండి మాట వినదు. సరే, నాలుగును పెద్దవి వేయుదమన్నచో వాలు మారదు గాని, బండి బరువు అంతయు ఒక అంగుళము పైకి పోయి మలుపున బోల్తాపడు గుణము హెచ్చును.

ఇంకొక సూక్ష్మము. వెనుక చక్రములు రెండింటి చుట్టుకొలత సమముగా ఉండవలెను. ఒకటి చిన్నదైనచో బండి తిన్నని బాటలోను ఆ వైపునకే లాగును. టైరు అరుగుదల, గాలి పీడనము గూడ చుట్టుకొలతను మార్చును. గాలి నింపిన పిదప కొలత టేపుతో రెండింటిని కొలుచుట మరువకుడు.

పెద్ద చక్రము ఎచటను పనికిరాదని నా అభిప్రాయము కాదు. గుంతలు, రాళ్ళు గల మట్టినేలలో చిన్న చక్రము గోతిలో దిగబడును; పెద్దది దాటిపోవును, చట్రము నేలకు తగులదు. తోటబాటలకై కట్టు బండికి పెద్ద చక్రమే యుక్తము. కాని దానికి తగిన బ్రేకు, వెడల్పైన నిలుపు, తగ్గించిన వేగము ఉండవలెను. నునుపైన పందెపు బాటకు చిన్న చక్రమే మేలు.

కడపట ఒక విషాదము. 2020 అక్టోబరులో హైదరాబాదు శివారున కార్టు నడుపుచున్న యువతి ఒకరు, జుట్టు చక్రమునకు చిక్కుకొనుటచే మరణించిరి. ఈ బండిలో మనిషి నేలకు అంటినట్లు కూర్చుండును. చక్రములు భుజముల వెనుకనే తిరుగుచుండును. చక్రము పెద్దదైన కొలది అది మనిషికి మరింత చేరువగును. జుట్టును ముడిచి శిరస్త్రాణములోనికి దోపవలెను; చున్నీ, కండువా, వదులు చొక్కా తగవు; చక్రమునకును గొలుసునకును కవచము బిగింపవలెను. రిజిస్ట్రేషను లేని యీ బండిని ప్రజామార్గముపై నడపరాదు. తెన్‌కాశి రోడ్డు పందెపు బాట కాదు.

యువజనులారా! చక్రము కొనుటకు ముందు నాలుగు ప్రశ్నలు వేసికొనుడు. నేల ఎట్టిది? ఇంజను బలమెంత? బ్రేకు ఆ వేగమును ఆపగలదా? మలుపున వెనుక చక్రము లేచునా? వీనికి జవాబు కాగితముమీద వ్రాసి, మీ అధ్యాపకులకు చూపి, అటుపిమ్మటనే అంగడికి పొండు. అప్పటికిని వేగము చాలదని తోచినచో మొదట పండ్లచక్రమును మార్చి చూడుడు. చక్రము జోలికి చివరనే పొండు.