లీడరు అను మాట

(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావించిన ప్రసంగ పాఠము)



“లీడరు” అను ఇంగ్లీషు మాట నేడు తెలుగు మాటయే యైనది. తాడిపత్రి బజారులో ఆ మాట వినబడని దినము లేదు. అందులో గౌరవముతోపాటు కొంత వెటకారమును కలదు. “ఆయన పెద్ద లీడరు లెండి” అన్నప్పుడు అది పొగడ్తయో, ఎత్తిపొడుపో పలికినవాని గొంతును బట్టి గ్రహింపవలసినదే. ఇంత మంచి మాటకు ఈ గతి యేల పట్టినది? దాని పుట్టుక తెలిసినగాని దీనికి సమాధానము దొరకదు.

ఇంగ్లీషున “లీడ్” అను క్రియ వేయేండ్లకు పైబడినది. పోవునట్లు చేయుట, వెంట దీసికొని పోవుట దాని మొదటి యర్థము. పోవుట యను అర్థముగల వేరొక పాత క్రియకు ఇది ప్రేరణార్థక రూపము. తెలుగున “నడచు, నడపు” అను జంట యెట్టిదో ఇదియు నట్టిదే. కావున లీడరనగా నడపువాడు.

సంస్కృతమున “నీ” ధాతువునకును ఇదే యర్థము. నేత, నాయకుడు అను శబ్దములు దానినుండి పుట్టినవి. నాయక శబ్దమే తెలుగు నాట నాయుడైనది. రెండు భాషల ధాతువులు వేరైనను భావ మొక్కటే. అయితే “నీ” ధాతువు సంతానము పెద్దది. మనుష్యుని దారి నడపునది గనుక కన్ను నేత్రమైనది, నయనమైనది. మంచి త్రోవను నడపునది నీతి. వినయమును ఆ యింటి బిడ్డయే. నేత, నేత్రము, నీతి, వినయము తోబుట్టువులు. తక్కిన మువ్వురిని ఇంటినుండి వెడలగొట్టి నేత యొక్కడే మిగిలినప్పుడు, ఆ మాటలో వెటకారము పుట్టుట వింత కాదు.

పెద్దరికమును దెలుపు మాటలన్నియు ఇట్టివి కావు. “చీఫ్” అను మాట లాటినునుండి ఫ్రెంచివారి మీదుగా వచ్చినది. మూలమున దానికి తల యని యర్థము. “కాప్టెన్” అనునదియు ఆ తలనుండి పుట్టినదే. మన “ముఖ్యుడు” ముఖమునుండి వచ్చెను. “ప్రెసిడెంటు” అనగా ముందు కూర్చుండువాడు. ఈ జిల్లాలోని ఇల్లూరున 1913లో జన్మించిన నీలం సంజీవరెడ్డిగారు 1956లో ఆంధ్రప్రదేశమునకు ప్రథమ ముఖ్యమంత్రియు, 1977లో భారత రాష్ట్రపతియు నైరి. ఆ రెండు పదవుల ఇంగ్లీషు పేర్లలో ఒకటి తలను, ఒకటి కూర్చుండుటను చెప్పును. అట్టి పదవులు చట్టము వలన వచ్చును. లీడరను పేరును మాత్రము ఏ ఉత్తర్వును ఈయజాలదు. కుర్చీలోనివాడు కునుకు తీసినను కుర్చీలోనే యుండును. నడపువాడో, నడపుట మానిన నాడే ఆ పేరు కోల్పోవును.

ఈ సంగతి మన సీమకు క్రొత్తది కాదు. విజయనగర రాయల కాలమున, సైన్యమును పోషించి యుద్ధమునకు తోడ్పడవలెనను కట్టుబాటుపై నాయకులకు భూములిచ్చు పద్ధతిని నాయంకరమనిరి. భూమి ఊరక యిచ్చినది కాదు, పనికి ముడివేసి యిచ్చినది. గండికోట నేలిన పెమ్మసానివారు అట్టి నాయకులు. తాడిపత్రిలో పెన్న యొడ్డున బుగ్గ రామలింగేశ్వరాలయమును రామలింగనాయుడును, ఊరిలో చింతల వేంకటరమణాలయమును తిమ్మానాయుడును కట్టించిరని ప్రసిద్ధి. రాయలు పోయిరి, నాయంకరము పోయినది, గుళ్లు నిలిచినవి. అంత దూర మేల? 1984లో గ్రామ కరణము, మునసబు పదవులును రద్దయినవి. పదవి పేరు పాత లెక్కలలోనికి పోవును. చేసిన పని ఊరిలో నిలుచును.

పదవి కంటె పనియే పేరైనవారు రాయలసీమలోనే కలరు. 1883లో కర్నూలున జన్మించిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు ఎం.ఏ. చదివియు కొలువుల వెంట పోలేదు. 1908లో పత్రికలో వ్రాసిన వ్రాతకై రాజద్రోహ నేరముపై చెరసాలకు బోయిరి. పిదప గ్రంథాలయోద్యమమునకును, వయోజన విద్యకును జీవితమును ధారపోసిరి. అక్షరము రానివాని చేయి పట్టి అక్షరము దగ్గరకు తీసికొని పోవుటకంటె “నీ” ధాతువునకు వేరు వ్యాఖ్యానము కావలెనా?

వానలు తప్పిన యేట ఈ మెట్ట నేల బీడు పడును, జనము మూట గట్టుకొని వలస పోవును. అట్టి నాడు ఊరికి కావలసినది తల కాదు, పీఠమును కాదు. దారి చూపి ముందు నడచువాడు. కనుక ఎవనినైనను లీడరని పిలుచుటకు ముందు ప్రతి గ్రామస్థుడును ఒక్క ప్రశ్న వేసికొనవలెను: ఇతడు ఎవరిని, ఎక్కడికి నడపెను? ఈ ప్రశ్న వేయగల చదువరులు ఊరిలో నున్నంత కాలము ఆ మాట చెడదు. అట్టి చదువరులను తయారు చేయుటకే గ్రంథాలయము. ఇరువదియైదేండ్లుగా ఇచ్చట తలుపు తెరచి, దీపము వెలిగించి, పుస్తకమును చేతికందించిన వారందరును ఆ మాటకు తగినవారే.

స్వస్తి.