తుమ్మెద వాలని పూవు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



నేను శాస్త్రజ్ఞుడను కాను. గ్రామ లెక్కలు వ్రాసికొని బ్రదికినవాడను. ఈ గ్రంథాలయపు బల్లకడ కూర్చుండి, నిఘంటువు ప్రక్కన బెట్టుకొని కావ్యములు చదువుకొన్నవాడను. కావ్యమున మొదలై మా పెరటిలో ముగిసిన నా పొరపాటు నొకదానిని మీకు విన్నవింతును.

రామరాజభూషణుని వసుచరిత్రలో సంపెంగను గూర్చి ప్రసిద్ధమైన పద్యమొకటి కలదు. అన్ని పూలపై వాలు తుమ్మెద తనను మాత్రము విడుచుచున్నదని సంపెంగ తపస్సు చేసి, స్త్రీ నాసికగా పుట్టినదని కవి చమత్కారము. మరి తుమ్మెద రాని పూవు కాయ గాచుటెట్లు? ఈ సందేహము నన్ను చాలకాలము వెంటాడినది.

సమాధానము అడిక్‌మెట్‌లో దొరికినది. 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు అక్కడనే శాశ్వత స్థానమేర్పడినది. ఆర్ట్స్ కళాశాల భవనము 1939లో ప్రారంభమైనది. ప్రక్కనే సీతాఫల్‌మండి యను పేట. అక్కడ వృక్షశాస్త్రము చదువుచున్న మా మేనకోడలిని చూడబోయితిని. ఆమె ఒక సీతాఫలపు కొమ్మ వంచి, "మామయ్యా, ఈ పూవు లోపల చూడండి" అన్నది.

మూడు దళసరి రేకులతో ఆ పూవు తలక్రిందుగా వ్రేలాడుచుండెను. నడుమ గుబ్బవలె అనేక అండాశయములు. చుట్టును పుప్పొడి నిచ్చు కేసరములు. రెండును ఒకే పూవున నున్నను ఒకే వేళకు పక్వము కావు. రేకులు విచ్చుట మొదలైనపుడు కీలాగ్రములు తడిగా నుండి పుప్పొడిని గ్రహించును. ఆ పూవు పుప్పొడి రాలునప్పటికి అవి ఎండిపోవును. కావున పుప్పొడి వేరొక పూవునుండియే రావలెను. దానిని తెచ్చునది తుమ్మెద కాదు, నువ్వుగింజంత పెంకుపురుగు. వాసనకు లోనికి దూరి, ఒడలెల్ల పుప్పొడి పూసికొని, మరియొక పూవునకు పోవును. సంపెంగను, సీతాఫలమును శాస్త్రజ్ఞులు ఒకే గణమున చేర్చిరి. ఆ గణమున పెక్కు పూవులకు పెంకుపురుగులే దూతలు.

కీలాగ్రముపై పుప్పొడి రేణువు మొలకెత్తి, సన్నని నాళికను అండము వరకు పంపును. అందలి రెండు పురుష కణములలో ఒకటి అండముతో కలిసి మొలక యగును. రెండవది ఆ మొలకకు ఆహారమగు భాగమును కలిగించును. 1898లో రష్యా శాస్త్రజ్ఞుడు నవాషిన్ దీనిని కనుగొన్నాడు. సీతాఫలమున ఒక్కొక్క తొన ఒక్కొక్క అండాశయమునుండి ఏర్పడును. పుప్పొడి అందని చోట తొన పెరుగదు; కాయ వంకరపోవును. లెక్కలవానికి ఇంతకంటె స్పష్టమైన చిట్టా కావలయునా?

ఇది విని నేను తలవంచుకొంటిని. మా పెరటిలో మా తల్లి నాటిన సీతాఫలపు చెట్టుండెను. నిండుగ పూచెడిది, కాయలు రెండో మూడో, అవియు వంకరవి. మూడేండ్లు లెక్కజూచి "గొడ్డుచెట్టు" అని కొట్టించితిని. ఆ పురుగులు పెరుగునది కుళ్లిన పండ్లలోను, రాలిన ఆకులలోను. వానిని ఏటేట ఊడ్పించి తగులబెట్టించినది నేనే. పూతవేళ మందు కొట్టించినదియు నేనే. దూతలను చంపి చెట్టును శిక్షించితిని.

సోదరులారా! ఆ మాటను మనము చెట్టుతో ఆపలేదు. బిడ్డలు లేని స్త్రీని ఆ మాటతోనే పిలిచితిమి. పేరంటములకు పిలువక మానితిమి. కారణము విచారింపక తీర్పు చెప్పుట శాస్త్రము కాదు, ధర్మమును కాదు.

పూతవేళ మందు చల్లకుడు. చెట్టు మొదట కొంత ఆకురాలును ఉండనిండు. పురుగులు చాలనిచో, పుప్పొడి రాల్చు పూవునుండి మెత్తని కుంచెతో పొడిని తీసి, అప్పుడే విచ్చుచున్న పూవు కీలాగ్రములకు అద్దుడు. కాయ నిండుగ వచ్చును. ఈ గ్రంథాలయమున కావ్యముల ప్రక్కన వృక్షశాస్త్ర గ్రంథములను గూడ ఉంచుడు. కవి తుమ్మెద రాలేదని చూచినాడు. ఎవరు వచ్చిరో చూచుట మన వంతు.

ఈ తొలకరికి మా పెరటిలో మరల సీతాఫలపు మొక్క నాటితిని. నా చెట్ల లెక్కలో దాని ఫలసాయపు గడిని ఖాళీగా విడిచితిని.