ఊరి జమాఖర్చులో మన పద్దు ఎక్కడ?

(ఏప్రిల్ 14 గ్రామసభకు నాలుగు రోజుల ముందు, ఒక పల్లెలో రాత్రి పనులయ్యాక జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దంతా మిరపకాయల కోతకు పోయొచ్చి, ఇంత కూడు తిని తినకుండా వచ్చి కూచున్నారు. కాబట్టి ఎక్కువసేపు మాట్లాడం. ఒక్క సంగతే మాట్లాడతాం. డబ్బు సంగతి. మన పంచాయతీకి డబ్బు ఎక్కడెక్కడి నుంచి వస్తంది, ఎటు పోతంది, అందులో మన పల్లె పేరు మీద రాసిందెంత, మన పల్లెలో దిగిందెంత. ఇన్నేళ్ళూ ఈ ప్రశ్న ఊళ్ళో పెద్దలది అనుకున్నాం. కూలి రేటు గురించి కొట్లాడాం, శ్మశానం దారి గురించి కొట్లాడాం, జమాఖర్చు పుస్తకం మాత్రం ఎప్పుడూ ముట్టుకోలేదు. గుడి ముట్టుకోనివ్వకపోతే గొడవ చేశాం గానీ పుస్తకం ముట్టుకోనివ్వకపోతే మనకు అంటరానితనంలాగా అనిపించలేదు.

గ్రామసభ ఉందని చాటింపు వేసేది ఎవరు? మన మనిషే. డప్పు మనది, గొంతు మనది. పొద్దున పది గంటలకు పంచాయతీ ఆఫీసు కాడ గ్రామసభ అని ఊరంతా తిరిగి చెప్పొచ్చేది మనోడు. చెప్పొచ్చి ఎక్కడ నిలబడతాడు? బయట వేపచెట్టు కింద. పది గంటలకు మనమంతా ఎక్కడుంటాం? చేలో. సాయంత్రానికి సంతకాల పుస్తకం మన ఇళ్ళ ముందుకొస్తంది. "పింఛన్ కోసం" అంటారు, "ఇంటి కోసం" అంటారు. వేలిముద్ర వేస్తాం. సభకు పోకుండానే సభలో కూచొని అన్నీ ఒప్పుకున్నట్టు మినిట్సు పుస్తకంలో ఎక్కేస్తాం.

ఏదన్నా అడిగితే వచ్చే మొదటి మాట మీకు తెలిసిందే. "మీకన్నీ ఉత్తినే ఇస్తన్నారుగా, మా పన్నుల మీద బతుకుతున్నారు, ఇంకా లెక్కలు కూడానా?" ఈ మాటకు మన దగ్గర జవాబు ఉండాలి. మన తాతలు పన్ను రూపాయల్లో కట్టలేదు, ఒంటితో కట్టారు. చచ్చిన గొడ్డును మోశారు, చెప్పులు కుట్టిచ్చారు, రాత్రిళ్ళు కావలి కాశారు, మైళ్ళ దూరం కబురు మోశారు, చావుకు డప్పు కొట్టారు. దానికి వెట్టి అని పేరు పెట్టారు గానీ అది పన్నే. ఆ జమ ఏ రిజిస్టర్లో రాశారు? సరే, పాత సంగతి వదిలేద్దాం. సెల్‌ఫోన్ రీఛార్జి చేయిస్తే వందకు 18 రూపాయలు జి.ఎస్.టి. కట్టేది మనం కాదా? బ్రాందీ షాపు కాడ మన మగోళ్ళు కట్టే పన్ను సంగతి ఆడోళ్ళకు మేం చెప్పక్కర్లేదు. ఇంటి పన్ను కడతన్నాం, కొళాయి పన్ను కడతన్నాం. ఆ ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు ఉంటది. 1960 నాటి గ్రంథాలయ చట్టం కింద వసూలు చేసేది. పంతుళ్ళం కదా, మాకు కడుపు మండేది ఈ 8 పైసల దగ్గరే. పల్లెలో ఒక్క పుస్తకాల బీరువా లేదు. వసూలు మాత్రం ఒక్క ఏడూ ఆగలేదు.

బాబాసాహెబ్ అంటే రాజ్యాంగం చేతబట్టిన బొమ్మే మనకు గుర్తొస్తది. ఆయన అమెరికాలో కొలంబియా యూనివర్సిటీలో డాక్టరేటుకు ఏం చదివాడో ఎంతమందికి తెలుసు? బ్రిటిష్ ఇండియాలో రాష్ట్రాల ఆదాయం, ఖర్చు, పన్నులు. అది 1925లో పుస్తకంగా వచ్చింది. అంతకు రెండేళ్ళ ముందు, 1923లో, రూపాయి సమస్య మీద ఇంకో పుస్తకం. అంటే మన పెద్దాయన లెక్కల మనిషి. అట్లాగే 1948 నవంబరులో రాజ్యాంగ సభలో, గ్రామాలను నమ్మి రాజ్యాంగం కట్టమన్నోళ్ళకు గట్టిగా అడ్డం తిరిగాడు. ఊరు అంటే ఏంటో మనకు తెలిసినంతగా ఆయనకూ తెలుసు. మరి ఆయన నమ్మని పంచాయతీ గడప మనమెందుకు తొక్కాలని తమ్ముళ్ళు కొందరు అడుగుతున్నారు. నమ్మి తొక్కమనటం లేదు. డబ్బు అక్కడ ఉంది కాబట్టి తొక్కమంటున్నాం.

ఎంత డబ్బు అంటారా? 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చాక పంచాయతీకి పన్ను వేసే అధికారం, నిధి ఉంచుకునే అధికారం రాజ్యాంగంలో ఎక్కింది. ఇంటి పన్ను, చెరువు చేపల వేలం, సంత వేలం, చింతచెట్ల వేలం, రిజిస్ట్రేషన్లలో వాటా, ఇవి సొంత ఆదాయం. వీటికన్నా పెద్దది కేంద్ర ఆర్థిక సంఘం డబ్బు. 2015 నుంచి 2020 దాకా 14వ ఆర్థిక సంఘం గ్రాంటు మొత్తం గ్రామ పంచాయతీలకే వచ్చింది. 2021 నుంచి 2026 దాకా 15వ ఆర్థిక సంఘం గ్రాంటులో వందకు 60 రూపాయలు మంచినీళ్ళకు, పారిశుధ్యానికే ఖర్చు పెట్టాలని షరతు పెట్టారు. వినండి, నీళ్ళకు, మురుగుకు! మన పల్లెలో కొళాయి దగ్గర కొట్లాట ఎందుకు తగ్గలేదు? మురుగు ఇంటి ముందు ఎందుకు నిలబడింది? ఊళ్ళో డ్రైనేజి ఎత్తు మీద కట్టి నీళ్ళు పల్లంలోకి వదిలారు. పల్లంలో ఎవరుంటారో చెప్పక్కర్లేదు. షరతు ప్రకారం డబ్బు ఖర్చయింది, మురుగు మన గుమ్మంలోకి వచ్చింది.

2021లో మన రాష్ట్రంలో పంచాయతీ ఖాతాల్లో ఉన్న ఆర్థిక సంఘం డబ్బు కరెంటు బకాయిల కింద సర్దేశారని సర్పంచులు రోడ్డెక్కారు. వాళ్ళ బాధ నిజమే. అయితే మనం ఇంకో మాట అడగాలి. బకాయిపడ్డ ఆ కరెంటు ఏ వీధిలో వెలిగింది? చర్చి ముందు స్తంభానికి బల్బు లేక పిల్లకు తేలు కుట్టింది. ఆ స్తంభం కూడా వీధి దీపాల లెక్కలో ఉంది.

ఇక మా అనుభవం. ఇందులో గొప్ప చెప్పుకునేది కొంచెమే ఉంది, తప్పు ఒప్పుకునేది ఎక్కువ ఉంది. మేం కొందరం చదువుకున్నోళ్ళం, మా ఇళ్ళల్లో మొదటిసారి డిగ్రీ మెట్లెక్కినోళ్ళం, ఒక పంచాయతీలో సిమెంటు రోడ్డు లెక్క అడిగాం. 2005 సమాచార హక్కు చట్టం కింద. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసులో ఈ దరఖాస్తుకు ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆ పైన 10. ముప్పై రోజుల్లో ఇవ్వాలి. కార్యదర్శి నవ్వాడు. "మాస్టారూ, మీరొచ్చి అడిగితే చూపించనా, కాగితాలెందుకు?" అన్నాడు. ఆ చూపించటం రెండు నెలలైనా అవలేదు. అప్పీలు వేస్తే నకళ్ళు వచ్చినయ్.

ఎస్టిమేటులో, ఎం.బుక్కులో 'ఎస్సీ కాలనీ అంతర్గత రోడ్డు' అని ఉంది. ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో, పొడవెంతో, మందమెంతో అన్నీ ఉన్నయ్. పగ్గం తీసుకొని పల్లె ఆడోళ్ళతో కలిసి కొలిచాం. రోడ్డు బోరింగు కాడ ఆగిపోయింది. పుస్తకంలో పొడవు మాత్రం ఆగలేదు. మిగతా ముక్క ఎక్కడుందో ఒక ముసలమ్మ చూపించింది. ఊరి బయట ఒక పెద్ద రైతు గోడౌనుకు పోయే దారి, నున్నగా. "ఆ రోడ్డు మీద మా గేదె కూడా నడవలేదయ్యా" అన్నదామె. గోడౌనుకు రోడ్డు, మన పేరున ఖర్చు! అదే పనిమీద ఇంటి పన్ను డి.సి.బి. రిజిస్టరు కూడా అడిగి చూశాం. డిమాండెంత, వసూలెంత, బాకీ ఎంత అని మూడు గడులుంటయ్ అందులో. పల్లె ఇళ్ళ ఎదురుగా బాకీ గడి దాదాపు ఖాళీ. బాకీలన్నీ మేడల ఎదురుగా, మిల్లు ఎదురుగా. కొన్ని మన ఇళ్ళు అసలు రిజిస్టర్లోనే లేవు, పోరంబోకులో ఉన్నాయని ఎక్కించలేదు. పన్ను లేదు కదా మంచిదే అనుకున్నారు మనోళ్ళు. రేపు ఖాళీ చేయమంటే చూపించటానికి ఒక్క రశీదన్నా ఉండాలి కదా.

మేం చేసిన తప్పు ఇది. దరఖాస్తు మా పేర్ల మీద పెట్టాం, నకళ్ళు మా ఇళ్ళల్లో పెట్టుకున్నాం, పల్లెలో కూచొని చదివి వినిపించలేదు. నేరుగా పై ఆఫీసుకు పోయాం. దెబ్బ ఎవరికి తగిలింది? పగ్గం పట్టుకున్న ముగ్గురు ఆడోళ్ళను ఆ ఏడు నాట్లకు పిలవలేదు. ముఠాలో వాళ్ళుంటే ముఠా మొత్తానికి పని లేదన్నారు. వాళ్ళు మా గడపలోకి వచ్చి, "మీకు నెల జీతం ఉంది, మాకు రోజు కూలి ఉంది, ఆ సంగతి ముందే చెప్పొద్దా?" అని అడిగారు. ఆ రోజు మా దగ్గర జవాబు లేదు. చివరికి పల్లె మొత్తం ఆ పొలాలకు పోము అన్నాకే వాళ్ళను పిలిచారు. రోడ్డు మిగతా ముక్క తర్వాత ఏడు వేశారు. పోయిన డబ్బు మాత్రం వెనక్కి రాలేదు, ఎవరి మీదా కేసు కాలేదు. అందుకే ఈసారి ముందు ఇక్కడ కూచున్నాం.

భయం ఊరికే ఉండదు. కారంచేడు మర్చిపోయామా? 1985 జులైలో మొదలయింది ఎక్కడ? మంచినీళ్ళ చెరువు కాడ. మనం తాగే నీళ్ళల్లో గేదెల కుడితి బక్కెట్లు కడగొద్దన్నందుకు. నీళ్ళ గురించి నోరెత్తిన మాట ఆరుగురి చావు దాకా పోయింది. కాబట్టి ఒక్కరు లేచి అడగటం కాదు, అందరి చేతుల్లో కాగితం ఉండాలి.

సర్పంచి మనోళ్ళే కదా, రిజర్వేషన్ సీటు కదా అంటారు. నిజమే, మన చెల్లెలే. బిల్లు కదలాలంటే ఇప్పుడు డిజిటల్ సంతకం కావాలి. ఆ సంతకం తాళంచెవి లాంటిది ఒకటి ఉంటది, వేలెడంత. అది ఎవరి జేబులో ఉందో ఆ చెల్లెల్నే అడగండి. పాత రోజుల్లో చెక్కు బుక్కు దొరగారి బీరువాలో ఉండేది, ఇప్పుడు ఈ చిన్న ముక్క ఆయన కొడుకు జేబులో ఉంది. ఆమెను తిట్టి లాభం లేదు. సభలో ఆమె వెనక యాభై మంది కూచుంటే ఆమె అది వెనక్కి అడగగలదు.

పై నిధుల సంగతీ కొంచెం చెప్పుకోవాలి. ఎస్సీల జనాభా ఎంతో అంత డబ్బు విడిగా పెట్టాలని 1979-80 నుంచి స్పెషల్ కాంపొనెంట్ ప్లాన్ ఉంది. కాగితం మీద. ఢిల్లీలో 2010 కామన్‌వెల్త్ ఆటలకు దాన్లోంచే వందల కోట్లు మళ్ళించారని పార్లమెంటు దాకా గొడవైంది. మన సంఘాలు ఏళ్ళ తరబడి ధర్నాలు చేస్తే 2013లో ఉమ్మడి రాష్ట్రంలో సబ్‌ప్లాన్ చట్టం వచ్చింది. పదేళ్ళకే గడువు పెట్టారు. 2023 జనవరిలో ఇక్కడ ఇంకో పదేళ్ళు పొడిగించారు. తెలంగాణలో 2017లో వేరే చట్టం చేశారు. మండల పరిషత్ సాధారణ నిధుల్లో ఎస్సీలకు 15 శాతం, ఎస్టీలకు 6 శాతం పెట్టాలి. పెట్టామనే రాస్తారు. ఏ పనికి పెట్టారో అడిగినప్పుడే గోడౌను రోడ్డు బయటపడతది.

ఇది మనమేదో కొత్తగా కనిపెట్టిన దారి కాదు. రాజస్థాన్‌లో కూలిజనం 1994 నుంచే మస్టర్లు, బిల్లులు ఊరి మధ్య చదివించి, "ఈ కూలి నీకు ముట్టిందా?" అని ఒక్కొక్కరినీ అడిగారు. 1996లో బియావర్‌లో 40 రోజులు రోడ్డు మీద కూచున్నారు. మా డబ్బు, మా లెక్క అన్నారు. సమాచార హక్కు చట్టం అట్లాంటి పోరాటాల నుంచే వచ్చింది. మన దగ్గర కూడా 2006 నుంచి ఉపాధి హామీ పనుల్లో సామాజిక తనిఖీ జరుగుతుంటే మన ఆడోళ్ళు మస్టరులో చచ్చినోళ్ళ పేర్లు పట్టుకోలేదా? కూలి లెక్క పట్టుకున్నోళ్ళకు రోడ్డు లెక్క కష్టం కాదు.

తమ్ముళ్ళకో పని. ఫోన్లో ఈ-గ్రామస్వరాజ్ అని 2020లో పెట్టిన పోర్టలు ఉంది. మన పంచాయతీ పేరు కొడితే ఏ ఏడు ఏ పనికి ఎంత చెల్లించారో కనిపిస్తది. రీళ్ళు చూసే ఫోన్లోనే. రేపు రాత్రికి గత రెండేళ్ళ చెల్లింపులు పెద్ద అక్షరాలతో చార్టు మీద రాయండి, చర్చి గోడకు అంటిద్దాం. చదవలేనోళ్ళకు టెన్త్ పిల్లలు చదివి వినిపిస్తారు. 'ఎస్సీ కాలనీ' అని ఉన్న ప్రతి పనీ ఎల్లుండి పొద్దున్నే, కూలికి పోకముందే, పోయి చూద్దాం. పగ్గం మాత్రం ఈసారి ముగ్గురి చేతుల్లో ఉండదు, పల్లె పల్లంతా పట్టుకోవాలి.

14న పొద్దున విగ్రహానికి దండ వేసి అక్కడే కేకు కోసి ఇంటికి పోవద్దు. అదే రోజు గ్రామసభ. పనికి ఆ రోజు ఎవరం పోవద్దని మేస్త్రీలతో రేపే మాట్లాడదాం. ఇంటి పన్ను రశీదులు వెతుక్కోండి. బాకీ ఉన్నోళ్ళు రేపు కట్టేసి రశీదు తెచ్చుకోండి, ఆ వంక వాళ్ళకు మిగల్చొద్దు. రిజిస్టర్లో లేని ఇళ్ళోళ్ళు మా ఇల్లు ఎక్కించమని దరఖాస్తు రాయించుకోండి, మేం రాత్రి ఎనిమిదింటి నుంచి ఇక్కడే అరుగు మీద కూచొని రాస్తాం. సభలో మూడే మూడు అడుగుదాం. నీళ్ళకు వచ్చిన డబ్బు మన పల్లెలో ఎక్కడ ఖర్చయింది, పెద్ద బాకీలు ఎవరివి, చర్చి ముందు దీపం ఎప్పుడు. అడిగిన ప్రతిదీ మినిట్సు పుస్తకంలో రాసేదాకా ఎవరూ లేవొద్దు. రాశాక మన టెన్త్ పిల్ల పైకి చదవాలి, ఆ తర్వాతే సంతకాలు.

అన్నా, చాటింపు నువ్వే వేస్తావుగా. ఈసారి వేసి వేపచెట్టు కింద నిలబడొద్దు. డప్పు భుజానేసుకొనే లోపలికి రా, ముందు వరసలో కూచో.