పొత్తిగుడ్డ చుట్టండి - కాళ్ళు మాత్రం కట్టెయ్యకండి



పురుటి ఇంట్లో పాత నూలుచీర ఉతికి, ఎండబెట్టి, పొత్తిగుడ్డలుగా చింపి దాచడం మన కోనసీమలో అమ్మమ్మల నాటి అలవాటు. మంచి అలవాటే. మెత్తని గుడ్డలో చుడితే బిడ్డకు ఉలికిపాటు తగ్గి నిద్ర పడుతుంది.

అయితే ఒక పొరపాటు ఉంది. "కాళ్ళు వంకర పోతాయే!" అని పెద్దవాళ్ళు బిడ్డ కాళ్ళు రెండూ చాచి, జతచేసి, బిగించి కడతారు. అలా కట్టరాదు. ఎందుకంటారా? తుంటికీలు రుబ్బురోలు, పొత్రం వంటిది. తొడ ఎముక తల ఒక గుంటలో తిరుగుతుంది. పసిబిడ్డకు ఆ గుంట ఇంకా లేతగా ఉంటుంది. కాళ్ళు చాచి కట్టేస్తే ఎముక పక్కకు జారవచ్చు. నొప్పి ఉండదు కనుక ఎవరికీ తెలియదు. నడక వచ్చాక బిడ్డ కుంటుతుంది.

జపానులో 1975లో ఈ సంగతే దేశమంతటా ప్రచారం చేశారు. అంతకుముందు నూటికి ఒకరి నుంచి ముగ్గురి దాకా ఉన్న తుంటిజారుడు, ఆ తరువాత వెయ్యికి ఇద్దరి వరకు తగ్గింది.

పుట్టిన బిడ్డ కాళ్ళు కప్పకాళ్ళలా ముడుచుకునే ఉంటాయి. అది వంకర కాదు. రోజులు గడిచేకొద్దీ వాటంతటవే సాగుతాయి.

చుట్టే పద్ధతి ఇది:

1. గుడ్డ పరచి పైఅంచు మడవండి. ఆ మడత మీదకు భుజాలు వచ్చేలా బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టండి.

2. రెండు పక్కలూ రొమ్ము మీదుగా తెచ్చి కింద దోపండి. గుడ్డకూ రొమ్ముకూ మధ్య మీ రెండు వేళ్ళు దూరాలి.

3. నడుము కింద సంచిలా వదులుగా ఉంచండి. మోకాళ్ళు ముడిచి పక్కలకు వాల్చుకునే చోటుండాలి.

4. ముక్కు, నోరు కప్పవద్దు. ఎప్పుడూ వెల్లకిలానే నిద్రపుచ్చండి. పక్కన దిండ్లు వద్దు.

5. మనది ఉక్కనేల. వేసవిలో ఒక్క పొర చాలు. మెడ వెనుక చెమట తగిలితే విప్పెయ్యండి.

పాలిచ్చేటప్పుడు గుడ్డ విప్పండి. బిడ్డ బోర్లాపడే ప్రయత్నం మొదలుపెట్టగానే చుట్టడం పూర్తిగా మానెయ్యండి. చుట్టిన బిడ్డ బోర్లాపడితే ఊపిరి ఆడదు.

అయ్యా, ఇది ఆడవాళ్ళ పని అనుకోకండి. కోడలు చెబితే అత్తగారికి కోపం రావచ్చు. కొడుకు చెబితే ఆవిడ వింటుంది. మీరే నేర్చుకుని చుట్టి చూపించండి.

కాన్పు తరువాత ఆశా కార్యకర్త ఇంటికి వచ్చినప్పుడు బిడ్డ తొడలు చూపించండి. ఒక కాలు పొట్టిగా ఉన్నా, ఒక తొడ సరిగా విచ్చుకోకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. తొందరగా కనిపెడితే చాలామంది పిల్లలకు ఆపరేషను లేకుండానే నయమవుతుంది.

పైన ఒద్దికగా, కింద వదులుగా, ముఖం తెరిచి - ఈ మూడూ గుర్తుంచుకోండి.