చక్రములమీది ఇల్లు – తిరిగివచ్చిన పుస్తకము



రజతోత్సవ సందర్భమున నన్ను నాలుగు మాటలు చెప్పుమన్నారు. నేను ఊరి లెక్కలు వ్రాసికొనువాడను గాని ఉపన్యాసకుడను కాను. ఏ గురువునొద్దను కూర్చుండక, ఈ గ్రంథాలయపు బల్లలమీద నిఘంటువు నొకచేతను, ప్రబంధము నొకచేతను పట్టుకొని నేర్చినదే నా సాహిత్యము. కావున మొన్నటి వసంతమున చేసిన యొక యాత్రను, దానివలన నా లెక్కలలో తేలిన యొక బాకీని మీ ముందుంచెదను.

ఈ గ్రంథాలయము పెట్టిననాడు నాతోపాటు గోనెసంచి భుజమున వేసికొని ఇంటింటికి తిరిగి పుస్తకములు పోగుచేసిన నా బాల్యమిత్రుని మీలో పెద్దలెరుగుదురు. మరుసటి యేడే అతడు అమెరికా వెళ్ళెను. ఇప్పుడు ఉద్యోగవిరమణ చేసి, ఉత్తర కెరొలినా రాష్ట్రమున నివసించుచు, ఏడాదిలో సగము భార్యాసమేతుడై మోటారు ఇంటిలో దేశము తిరుగుచున్నాడు. మా అమ్మాయి కాపురమును ఆ ప్రాంతమే. మేము చూడబోయినపుడు, "వాషింగ్టన్ చూపిస్తాను, చెల్లమ్మను తీసుకొని రారా" అని పట్టుపట్టెను.

మోటారు ఇల్లనగా బస్సంత వాహనము. అందు మంచము, పొయ్యి, ఫ్రిజ్జి, స్నానపుగది అన్నియు నుండును. మంచినీటికొక తొట్టి, వాడిన నీటికొకటి, మరుగుదొడ్డి మురుగునకు వేరొకటి అడుగున అమర్చియుందురు. విడిది చేరగానే బండిని సమముగా నిలిపి కరెంటుతీగ, నీటిగొట్టము, మురుగుగొట్టము తగిలింతురు. వదినగారు కాగితముపై వ్రాసికొన్న వరుస చదువుచుండగా మిత్రుడొక్కొక్కటి చేయును. "ఒకసారి మెట్టు మడవకుండా బయలుదేరాం అన్నయ్యగారూ, అప్పటినుంచి ఈ కాగితం" అని ఆమె నవ్వెను. ఆ బండి గాలనుకు ఎనిమిది మైళ్ళు నడచును. అనగా లీటరుకు మూడున్నర కిలోమీటర్లైనను రాదు. నేను లెక్కగట్టి నిట్టూర్చితిని.

దారిలో నాకు ఏనుగుల వీరాస్వామయ్యగారు జ్ఞప్తికి వచ్చిరి. 1830 మే నెలలో చెన్నపట్టణమునుండి పరివారముతో, డేరాలతో బయలుదేరి, కాశిని సేవించి 1831 సెప్టెంబరులో ఇల్లు చేరిన మహనీయుడాయన. దారి విశేషములను మిత్రుడు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళగారికి వ్రాయుచుండగా, ఆయన గతించిన పిదప ఆ మిత్రుడే 1838లో వానిని అచ్చొత్తించెను. నేనీ మాట చెప్పిన రాత్రి విడిదిలో మావాడు మంచముక్రింది అర తెరచి ఒక పుస్తకము నా చేతికిచ్చెను. కాశీయాత్ర చరిత్ర! మొదటి పుటపై మన గ్రంథాలయపు ముద్ర. "విమానం ఎక్కే తొందరలో తిరిగి ఇవ్వలేదురా. తరువాత ఇవ్వబుద్ధి కాలేదు" అనెను.

అంత బండిని నగరములో నిలుపుట కష్టము గనుక మేరీలాండులోని విడిదిలో నుంచి, మెట్రోరైలులో పోయితిమి. వాషింగ్టను స్మారకస్తంభము 555 అడుగుల ఎత్తు. 1848లో మొదలిడి, 1854లో ధనములేక ఆపి, 1879లో మరల ఎత్తనారంభించి 1884లో ముగించిరి. రాతిరంగు మారినచోటు నేటికిని కానవచ్చును. మన తూర్పుగోడయు రెండు రంగుల ఇటుకయే గదా!

పిదప కాంగ్రెసు గ్రంథాలయము చూచితిమి. 1800లో స్థాపింపబడిన దానిని 1814లో ఇంగ్లీషు సేనలు దహించినవి. మరుసటి యేడు జెఫర్సనుగారి సొంత గ్రంథములు 6,487 సంపుటములను 23,950 డాలర్లకు కొని మరల నిలిపిరి. 1851లో మరల నిప్పంటుకొని వానిలో మూడింట రెండువంతులు బూడిదయయ్యెను. అయినను తలుపు మూయలేదు. అచట తెలుగు పుస్తకములు నున్నవి. మన దేశము నాడు అమెరికా గోధుమలకు రూపాయలలో వెల చెల్లించెను. ఆ రూపాయలలో కొంత వెచ్చించి 1960ల నుండి వారు మన భాషల పుస్తకములు కొనిరి. గోధుమలు నాడే అరిగిపోయినవి, పుస్తకములు నిలిచినవి.

పదునారేండ్లు నిండిన వారెవరైనను గుర్తింపుపత్రము చూపి ఉచితముగా పాఠకుల కార్డు పొందవచ్చును. కాని మనబోటివారికి పుస్తకము ఇంటికీయరు. అది విని మిత్రుడు, "మన ఊరిదే నయంరా. నమ్మి ఇంటికిచ్చింది. నేనే నమ్మకం నిలుపుకోలేదు" అనెను.

ఆ మాట నాకు సూటిగా తగిలెను. మన ముందుగదిని నెలకు రెండువేల రూపాయలకు దుకాణమునకిత్తమను తీర్మానముపై మొదటి సంతకము నాదే. పాఠకులు రోజుకు ముగ్గురు. కరెంటు ఖర్చు ఎక్కువ. కూడికలో తప్పులేదు. కాని ఒక పుస్తకమును ఇరువదినాలుగేండ్లు విడువలేక మోసిన మనిషికి ఆ లెక్కలో పద్దు వ్రాయలేదు. తప్పు నాది. ఆ సంతకమును ఈ సభాముఖమున ఉపసంహరించుకొనుచున్నాను.

తిరుగుదారిలో మిత్రుడు తన చూపు మందగించినదనియు, ఆ బండిని అమ్మివేయుదుననియు చెప్పెను. మంచున పాదలేపము కరగగా ఇల్లు తలచుకొన్న ప్రవరుడు నాకు కన్నులకు కట్టెను.

మన నిబంధన ప్రకారము ఆలస్యరుసుము రోజుకైదు పైసలు. 8,766 దినములకు రూ. 438.30. అతడు ఐదువందలిచ్చెను. రసీదు వ్రాసితిని. మిగిలిన రూ. 61.70 ఇయ్యబోగా, "ఉంచు, నేనే వచ్చి తీసుకుంటాను" అనెను. ఆ పైకము అతని పేర జమకట్టి యున్నది. పుస్తకము ఈ బల్లమీద నున్నది. కోరినవారు నేడే ఇంటికి తీసికొనిపోవచ్చును.

సెలవు.