పాత ఆటపెట్టెకు కొత్త ప్రాణము



మీలో కొందరి యిండ్లలో అటకమీద ఒక ప్లాస్టికు పెట్టె దుమ్ము పట్టి పడియుండవచ్చును. పైన క్యాసెట్టు దూర్చుటకు ఒక గంటు, ముందుభాగమున రెండు తీగలు, తీగల చివర మీటలుగల రెండు చేతిపలకలు. పాతికముప్పది యేండ్ల క్రిందట పిల్లల పోరు పడలేక పట్టణమునుండి కొనితెచ్చిన టి.వి. ఆటపెట్టె యది. నేడది పలుకదు. పారవేయుడని కోడలు, ఉండనిండని కొడుకు. ఆ తగవు తీర్చుట నా వశము కాదు. అట్టి పెట్టెను పాత ఆటలాడు కంప్యూటరుగా మార్చు విధమును, మార్చుటకు ముందు చూచుకొనవలసిన విషయములను మాత్రము మనవి చేసెదను.

ముందుగా ఆ పెట్టె పుట్టుక. మన బజారులలో ఆనాడు అమ్మినవి చాలవరకు ఒక జపాను యంత్రమునకు అనుకరణములు. నింటెండో కంపెనీవారు 1983 జూలైలో 'ఫ్యామికాం' అను పేర దానిని అమ్మకమునకు పెట్టిరి. దానిని రూపొందించిన వారిలో ముఖ్యుడు మసయుకి ఉయెమురా అను ఇంజనీరు. 1985లో అది పేరు మార్చుకొని అమెరికా చేరినది. లోకమున 6 కోట్లకు పైగా అమ్ముడైనది. దాని స్వంత జ్ఞాపకశక్తి యెంత యనుకొన్నారు? అక్షరమునకొక గడి చొప్పున 2048 గడులు. మన ఊరి కరణముగారి లెక్కల పుస్తకములో రెండుమూడు పుటలకు మించదు. ఆటకు కావలసిన ఆజ్ఞలన్నియు క్యాసెట్టులోనే యుండుటచేత ఆ కొంచెముతోనే పని జరిగినది.

ఇక ఆ పెట్టెలో ఇప్పుడు పెట్టదగిన కొత్త యంత్రము. ఇంగ్లండు దేశమున కేంబ్రిడ్జి పట్టణమువారు 2012 ఫిబ్రవరి 29వ తేదీన 'రాస్ప్‌బెర్రీ పై' అను చిన్న కంప్యూటరును విడుదల చేసిరి. బ్యాంకు కార్డంత పలక. దాని వెల నాడు 35 డాలర్లు. పిల్లలకు కంప్యూటరు విద్య నేర్పుటయే దాని ముఖ్యోద్దేశము. ఇచట నొక చుట్టరికము చెప్పవలెను. 1981లో ఇంగ్లండు రేడియో సంస్థయైన బి.బి.సి. వారి పేరుతో, విద్యాబోధనకై అదే కేంబ్రిడ్జిలో ఏకార్న్ అను కంపెనీ యొక కంప్యూటరును చేసినది. దానిలోని చిప్పు పేరు 6502. జపాను ఆటపెట్టెలోని చిప్పును ఆ 6502 వంశములోనిదే. ఏకార్న్ వారే తరువాత 'ఆర్మ్' అను చిప్పును కల్పించిరి. రాస్ప్‌బెర్రీ పైలో నున్నది ఆ జాతి చిప్పు. కావున పాత పెట్టెలో కొత్త పలకను కూర్చుండబెట్టుట పరాయివానిని ఇంటిలో చేర్చుట కాదు, దూరపు బంధువును దించుకొనుట.

అయితే తొందర కూడదు. నేను తొందరపడితిని. 1994లో హైదరాబాదు కోఠీలో మా పిల్లలకు కొన్న పెట్టె మూగవోయెను. లోపల చచ్చినదని నిశ్చయించి, మరలు విప్పి, బోర్డును పెరికి పాతసామానువానికి వేసితిని. నెల తిరిగిన పిదప, దానితో వచ్చిన అడాప్టరును వేరొక పనికి తగిలించి చూడగా అది పనిచేయలేదు. తీగ లోపల తెగియున్నది. పెట్టెకు రోగము లేదు, తిండి అందలేదు. వైద్యుడనై ఉపవాసమున్నవానికి శవసంస్కారము చేసితినన్నమాట. మా పెద్దవాడు ఈ సంగతి విని ఏమియు అనలేదు, అనియుండిన బాగుండెడిది.

కావున మొదట మల్టీమీటరుతో అడాప్టరును పరీక్షింపుడు. దానిమీద వ్రాసిన వోల్టులకంటె తక్కువ వచ్చినయెడల దోషమందే గలదు. కాని అడాప్టరును విప్పవలదు, అందు ఇంటికరెంటు నేరుగా వచ్చును. పిమ్మట క్యాసెట్టు పండ్లను, గంటులోని పండ్లను స్పిరిటులో తడిపిన దూదితో తుడువుడు. నాడు పిల్లలు క్యాసెట్టులో నోటితో ఊదెడివారు. ఊపిరిలోని తేమ లోహమునకు మేలు చేయదు. ఇంతజేసినను పలుకకున్న బోర్డును చూడుడు. చౌక పెట్టెలలో చిప్పుమీద నల్లని జిగురు బొట్టుండును. దాని క్రిందిది చెడినచో బాగుచేయుట ఇంచుమించు అసాధ్యము. అప్పుడు మార్పునకు పూనుకొనుడు. అప్పుడును పాత బోర్డును గుడ్డలో చుట్టి దాచుడు.

కొత్త పలక పాత ఆటను ఎట్లాడును? మన భాగవతులు సత్యభామ వేషము కట్టినట్లు. పాత చిప్పునకు ఆట ఇచ్చు ఒక్కొక్క ఆజ్ఞను చదివి, అది చేయు పనిని తాను తన పద్ధతిలో చేసి చూపును. ఒక పనికి తాను పలు పనులు చేయవలెను గనుక వేగము కావలెను. పాత చిప్పు గడియారము సెకనుకు సుమారు 18 లక్షలసార్లు కొట్టుకొనెడిది. మొదటి రాస్ప్‌బెర్రీ పైది 70 కోట్లసార్లు. వేషమునకు ఇది చాలును. వేషము కట్టించు ప్రోగ్రాములు ఉచితముగనే దొరకును. ఆటలు మాత్రము వాటి కర్తల సొత్తు. కర్తలే ఉచితముగ విడిచిన ఆటలు కొన్ని గలవు. వానితో ప్రారంభించుట మర్యాద.

చేతిపలకలను కొత్తవి కొనక పాతవే వాడుడు. అందే రుచి యున్నది. లోపల 8 మీటలున్నను తీగలు అయిదే చాలును. ఏ మీట నొక్కబడినదో ఒక చిన్న చిప్పు వరుసగా, ఒకదాని వెనుక నొకటిగా, ఒకే తీగమీద చెప్పును. జాగ్రత్త ఒక్కటి. పాత పెట్టె ఆ చిప్పునకు 5 వోల్టులిచ్చెడిది. కొత్త పలక కాళ్లు 3.3 వోల్టులకు మించి ఓర్వజాలవు. చేతిపలకకు ఆ 3.3 వోల్టులే యిండు. లేనియెడల కొత్త పలకయును పాతదానిని చేరును.

స్విచ్చి విషయము మరియొకటి. పాత పెట్టెను పిల్లలు టక్కున కట్టివేసెడివారు, ఏమియు కాలేదు. కొత్తదాని జ్ఞాపకములు చిన్న కార్డుమీద నుండును. వ్రాయుచుండగా కరెంటు తీసినయెడల కార్డు పాడగును. కరెంటు పోవుట నిత్యకృత్యమైన ఊళ్లలో రెండవ కార్డును సిద్ధము చేసికొనుడు.

ఇన్ని చేసినను ఒకటి మరల రాదు. బాతుల నేయు తుపాకి మీకు జ్ఞాపకముండును. మీట నొక్కగానే తెర రెప్పపాటు నల్లబడి, బాతున్నచోట తెల్లని మచ్చ పడెడిది. తుపాకి ఆ వెలుగును చూచెడిది. గాజుబుడ్డి టి.వి. తెరకే అది సరిపడును. పలుచని కొత్త టి.వి. బొమ్మను కొంచెము ఆలసించి చూపును, దాని వెలుగు తీరును వేరు. మా తుపాకి ఇప్పుడు గోడమేకుకు వ్రేలాడుచున్నది. మనుమడు దానితో పెరటిలో వడియములమీది కాకులను తోలుచున్నాడు.